విద్య వంశధనమా?

అమెరికాలో స్థిరపడిన మనవారిని గూర్చి తెనాలి ప్రాంతపు గ్రామములలో నొక సిద్ధాంతము పుట్టి నానాటికి బలపడుచున్నది. "చదువు మన రక్తములోనే యున్నది. తాతముత్తాతలనాటినుండి వచ్చిన సంస్కారముచేతనే మన పిల్లలక్కడ వైద్యులును ఇంజనీరులునై దొరలను మించి సంపాదించుచున్నారు. నల్లవారికి ఆ సంస్కారము లేదు. కనుకనే వారు వెనుకబడిరి." ఇదియే యా సిద్ధాంతము. కొల్లిపర అరుగులమీద పెద్దలు దీనిని చెప్పుకొందురు. సెలవులకు వచ్చిన కుమారులు దీనికి సాక్ష్యము పలుకుదురు. పెండ్లి సంబంధములు కుదుర్చువారు దీనికి వెల కట్టుదురు. సముద్రముల కావల జరుగు తెలుగు సభలలోను ఇదే మాట శ్లోకములతో నలంకరింపబడి వేదికలమీద వినవచ్చుచుండును.

ఈ మాట వినుటకు తీయగా నున్నది. కాని తీయనిదెల్ల పథ్యము కాదు. ఈ సిద్ధాంత మసత్యమనియు, అసత్యమగుటయే కాక మన యిండ్లకును, మన యూళ్లకును, మన పిల్లలకును హాని చేయుచున్నదనియు చూపుటకే యీ వ్యాసము వ్రాయబడుచున్నది. చదువరులు కోపమును కొంచెము సేపు ప్రక్కకు పెట్టి వాదమును తూచి చూతురుగాక.

మొదట నొక ప్రశ్న. మనము చెప్పుకొనుచున్న యీ వారసత్వ మెవరిది? తెలుగుజాతి యంతటిది యందురా? అట్లయిన 2011 జనాభాలెక్కలను చూడుడు. నాటి యుమ్మడి ఆంధ్రప్రదేశములో ఏడేండ్లు నిండినవారిలో అక్షరాస్యులు నూటికి సుమారు 67 మంది. దేశమంతటి సగటు 73. కేరళములో 94. విద్య రక్తములోనే ప్రవహించు జాతియందు ప్రతి మువ్వురిలో నొకరికి అక్షరము రాకపోవుట యెట్లు? రక్తము అమెరికా చేరిన పిదపనే విద్యను స్రవించునా? కృష్ణయొడ్డున నున్నంత కాలము ఆ గుణమును దాచుకొనియుండునా?

జాతిది కాదు, మా కులముది యందురా? అట్లయిన నూఱేండ్ల క్రిందటి తెనాలిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నేడు విద్యావంశములమని చెప్పుకొను వ్యవసాయ కులములవారితో నాటి పండితులు చెప్పిన మాట యేమి? శూద్రునకు శాస్త్రాధికారము లేదనియే కదా! ఆ మాటపై కత్తి దూసిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు ఈ తెనాలిలోనే సూతాశ్రమమును నిర్మించుకొని నివసించిరి. ఈ పురపాలక సంఘమునకే యధ్యక్షులుగా నుండిరి. 1920లో ఆయన 'శంబుకవధ' నాటకమును వ్రాసిరి. తపస్సు చేసిన శూద్రుని తల యేల నఱుకబడెనని ఆయన యడిగిన ప్రశ్నకు నాడు మన తాతలు చప్పట్లు కొట్టిరి. ఆ తాతల మనుమలు నేడు సరిగా నాటి పండితుల నోటి మాటనే తమ నోట పలుకుచున్నారు: "చదువు మా వంశమున కలదు, మీ వంశమున లేదు." శంబుకుని పక్షమున నిలిచినవారి సంతతి మూడు తరములలో శంబుకుని తలపై కత్తి యెత్తుట కంటె విపరీతమేమున్నది?

ఇక స్త్రీల సంగతి. 1874లో వీరేశలింగంగారు ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టినపుడు, ఆడుపిల్లకు అక్షరము నేర్పుట సంప్రదాయ విరుద్ధమని యఱచినవారు పరాయివారు కారు, మన సంప్రదాయజ్ఞులే. ఆ యిండ్ల మునిమనుమరాండ్రు నేడు అమెరికా విశ్వవిద్యాలయములలో పట్టములు పొందుచున్నారు. వారు దీనిని సంప్రదాయమువలన సాధించిరా? సంప్రదాయమును దాటి సాధించిరా? వంశధనమే కారణమైనచో ఆ ధనమును ఆడుపిల్లలకు పంచక వేయేండ్లు పెట్టెలో దాచిన దెవరు?

మఱి యీ మార్పు ఎట్లు వచ్చెను? మన ప్రాంతమున దీనికి మూలము శ్లోకము కాదు, కాలువ. 1832–33లో గుంటూరు సీమను మ్రింగిన నందన కఱవును గూర్చి పెద్దలు వినియుందురు. ఐదు లక్షల ప్రజలలో నించుమించు రెండు లక్షలమంది యందు నశించిరని చరిత్రకారులు వ్రాసిరి. పిదప 1852లో మొదలై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట బెజవాడయొద్ద వెలసెను. పడమటి కాలువలు తెనాలి, కొల్లిపర, రేపల్లె భూములకు నీరు తెచ్చినవి. వరి పండెను, వెనుక అరటియు పసుపును పండినవి. ధాన్యము అమ్మగా మిగిలిన రూపాయి మొదట పెంకుటిల్లయ్యెను. తరువాత పిల్లవాని బడిజీత మయ్యెను. ఆపైన గుంటూరులో హాస్టలు గది యయ్యెను. కడపట విమానపు టిక్కెట్టయ్యెను. నందన కఱవులో గంజి దొరకని రైతునకును, అతని మునిమనుమడగు వైద్యునకును నడుమ మాఱినది రక్తము కాదు, నీరు.

ఆ నీరైనను అందఱి చేలకు పాఱినదా? మడి దున్నినవారును, నాట్లు వేసినవారును, కోత కోసినవారును అగు మాల మాదిగలకు ఆ మడిలో హక్కు లేకపోయెను. హక్కు లేనిచోట మిగులు లేదు; మిగులు లేనిచోట బడి లేదు. ఒకే యూరు, ఒకే కాలువ, ఒకే తెలుగుభాష. భూమి యున్నవాని చదువునకు 'సంస్కార'మని పేరు పెట్టితిమి. భూమి లేనివాని చదువులేమికి 'స్వభావ'మని పేరు పెట్టితిమి. ఈ రెండు పేరులును మనమే పెట్టి, అవి ప్రకృతి పెట్టినవని నమ్మించితిమి.

ఇక అమెరికా ద్వారమును చూతము. 1917లో నా దేశము చేసిన చట్టము మనవంటి ఆసియావాసులకు తలుపు మూసెను. 1923లో అచ్చటి సుప్రీముకోర్టు భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుని వ్యాజ్యమున, భారతీయుడు చట్టరీత్యా తెల్లవాడు కాడనియు, కనుక పౌరుడు కాజాలడనియు తీర్చెను. 1946లో తలుపు కొంచెము తెఱచి, ఏటికి నూఱుగురు భారతీయులను రానిత్తుమని చెప్పిరి. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1920 దశకపు తొలినాళ్లలో నా దేశము చేరి, రాత్రులు ఆసుపత్రిలో పోర్టరుపని చేయుచు హార్వర్డులో చదివి, జీవరసాయన శాస్త్రమున లోకమునకు మహోపకారము చేసిరి. 1948లో కాలధర్మము చెందిరి. ఆయన నాటి తెలుగువారికి సంస్కారము తక్కువయా? ఆయన వెనుక తెలుగు బిడ్డలు వేలకొలదిగా నేల పోలేదు? తలుపు మూసియుండెను గనుక.

1965లో ఆ తలుపు తెఱవబడెను. కాని అందఱికి కాదు. అచ్చట బంధువులున్నవారికిని, అచ్చటి వారికి కావలసిన విద్య కలవారికిని మాత్రమే. బంధువులు లేని మనవారికి విద్యయే తాళపుచెవి. ఆ యేటనే యచ్చట వృద్ధులకు ప్రభుత్వము వైద్యవ్యయ మిచ్చు చట్టము వచ్చి, వైద్యుల కొఱత పెరిగెను. 1946లో నెలకొల్పబడిన గుంటూరు వైద్య కళాశాల పట్టభద్రు లెందఱో ఆ తలుపుగుండ పోయిరి. 1990 చట్టముతో వచ్చిన హెచ్-1బి వీసా కంప్యూటరు ఇంజనీరులకు దారి వేసెను. పట్టము లేనివానికి ఆ దారి లేదు. సంజయ్ చక్రవర్తి, దేవేశ్ కపూర్, నిర్వికార్ సింగ్ అను మువ్వురు పండితులు 2017లో ప్రకటించిన గ్రంథమున, అమెరికా చేరిన భారతీయులు మూడు జల్లెడలలో పట్టబడినవారని వ్రాసిరి. కులము, సంపద మొదటి జల్లెడ. పరీక్ష రెండవది. అమెరికా వలస చట్టము మూడవది. అమెరికాలోని భారతీయులలో పెద్దవారు నూటికి సుమారు 75 మంది పట్టభద్రులు. భారతదేశములోనో నూటికి సుమారు పదిమంది. విత్తనములకై గట్టిగింజ లేఱి సంచి నింపి, ఆ సంచిని చూపి "మా చేలో తాలుగింజ పండనే పండదు" అని చెప్పు రైతును చూచి కొల్లిపరలో చిన్నపిల్లవాడును నవ్వును. మనము మాత్ర మా సంచిని చూపియే ఊరేగుచున్నాము.

జల్లెడ లేనిచోట మన వారసత్వ మేమి చేసెనో కూడ చూడవలయును. 1860లో మద్రాసు రేవునుండి నేటాలు చెఱకుతోటలకు కూలీల నెక్కించుకొని ఓడలు పోయినవి. వారిలో తెలుగువా రనేకులు. రంగూను మిల్లులకును, మలయా రబ్బరుతోటలకును మనవారు పోయిరి. వారును ఈ భాషనే మాటలాడిరి, ఈ దేవతలనే కొలిచిరి, ఈ పురాణములనే వినిరి. వారి పిల్లలు వైద్యులై పుట్టలేదు. తరముల తరబడి తోటకూలీలుగనే యుండిరి. తోటలోని బడి అక్షరములతో ఆగిపోవుచుండెను గనుక చదువును అక్షరములతో ఆగెను. అమెరికాకే నూఱేండ్లకు పూర్వము పోయిన పంజాబు రైతులు పొలములలోను కొయ్యమిల్లులలోను పని చేసిరి. 1907లో బెల్లింగ్‌హాం పట్టణమున తెల్ల కూలీలు మూకలై వారిని కొట్టి తఱిమిరి. నా డెవ్వరును భారతీయుల విద్యాసంస్కారమును పొగడలేదు. దేశ మదే, వారసత్వ మదే, కీర్తి వేఱు.

ఇప్పుడు నల్లవారిని గూర్చిన మాటకు వత్తము. "వారికి చదువుపై నాదరము లేదు" అని మనవారు చెప్పునంత సులభముగా మఱే యబద్ధమును చెప్పరు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసకు చదువు చెప్పుట నేరమని చట్టములు చేసిరి. దక్షిణ కెరొలినాలో 1740లోనే బానిసకు వ్రాత నేర్పుటను నిషేధించిరి. చదువు నిష్ప్రయోజనమని నల్లవాడు తలచియుండినచో ఆ చట్టములతో పనియేమి? దాహము లేనివానికి బావి మూయువారుందురా? ఫ్రెడరిక్ డగ్లస్ బాలుడై యుండగా యజమానురాలు అక్షరములు చెప్ప మొదలిడెను, యజమానుడు మాన్పించెను. ఆ బాలుడు వీథిలోని తెల్లపిల్లలకు రొట్టె యిచ్చి వారివద్ద చదువు కొనుక్కొనెను. అన్నము పెట్టి అక్షరము కొన్నవాని సంతతిని చూచి, తండ్రి కట్టిన జీతముతో చదివినవారు "మీకు విద్యపై ప్రీతి లేదు" అనుట న్యాయమా?

1865లో బానిసత్వము తొలగినది. ఫిస్కు పాఠశాల 1866లో, హోవర్డు 1867లో, హాంప్టన్ 1868లో, టస్కీగీ 1881లో వెలసినవి. ముదుసలులు మనుమలతో కలిసి పలకలు పట్టిరి. 1912 మొదలు 1932 వఱకు రోజెన్‌వాల్డు నిధి తోడ్పాటుతో నించుమించు ఐదువేల బడికట్టడములు దక్షిణ రాష్ట్రములలో లేచినవి. వాటికి నల్ల రైతులును కూలీలును తమ చందా లిచ్చిరి, కలప మోసిరి, ఒళ్లు వంచి పని చేసిరి. అదే ప్రభుత్వమునకు వారు పన్ను కట్టుచుండిరి. ఆ పన్నుతో తెల్లపిల్లల బడులు మేలుగా నడచుచుండెను. అనగా నల్లవాడు తన పిల్లవాని చదువునకు రెండుమార్లు వెల చెల్లించెను. 1954 వఱకు ఈ వేర్పాటు చట్టబద్ధము. 1964 పౌరహక్కుల చట్టమునకును, మరుసటి యేట మన తలుపు తెఱచిన వలస చట్టమునకును తల్లి యొకటే: నల్లవారి పోరాటము. వారు రక్తము చిందించి తెఱచిన తలుపుగుండ లోనికి పోయి, గడపమీద నిలిచి వారినే వెక్కిరించుట కృతఘ్నత.

ఇచ్చట నొక ఆక్షేపణము పుట్టును. "సరే, చట్టములు మాఱి యేబదియేండ్లు దాటినవి. పేదలై వచ్చిన ఇతర దేశీయులు పైకి వచ్చిరి కదా, వీరేల రాలేదు?" ఈ ప్రశ్న విలువైనది, తోసివేయరాదు. నైజీరియాలో పుట్టి కాలిఫోర్నియాలో ఆచార్యుడైన జాన్ ఒగ్బు దీనినే జీవితమంతయు విచారించెను. 1978లో ఆయన ప్రకటించిన గ్రంథము అమెరికా నల్లవారిని మన యంటరానివారితోను, జపానులోని బురాకుమినులతోను పోల్చి చూచెను. ఆయన చెప్పినది స్థూలముగా నిది: తమంత తాము మేలు కోరి వచ్చినవారు వెనుకటి యూరితో పోల్చుకొందురు, నేటి యవమానమును రేపటి లాభమునకై సహింతురు. పట్టి తేబడినవారును జయింపబడినవారును తమ్మణచినవారితో పోల్చుకొందురు. తాత చదివినను తండ్రి చదివినను ఉద్యోగము రాకపోవుట కన్నులార చూచినవారికి బడి చెప్పు మాటపై నమ్మకము సన్నగిల్లును. తోళ్లపని చేసి అంటరానివారైన బురాకుమినులు జపాను బడులలో వెనుకబడియుండగా, అమెరికాకు పోయినవారు ఇతర జపానీయులతో సమానముగా చదువుచున్నారని ఆయన చూపెను. అచ్చట వారి కులము నెవ్వరు నెఱుగరు గనుక. నేడు నైజీరియానుండి వచ్చిన నల్లవారిలో సగమునకు మించి పట్టభద్రులున్నారు. చర్మ మొక్కటే, వచ్చిన దారి వేఱు. దారిని విడిచి చర్మమును నిందించువాడు వైద్యుడైనను, ఇంజనీరైనను, వివేకి కాడు.

ఒగ్బు చెప్పిన దంతయు వేదవాక్యమని నేననను. నమ్మకము సన్నగిల్లుటను గూర్చి ఆయన చెప్పినది చదివి, "చూచితిరా, తప్పు వారి మనస్సులోనే యున్నది" అని తెల్లవారును మనవారును మఱల పాతపాటనే యెత్తుకొనిరి. నమ్మకము చెడుటకు హేతువు నమ్మినవాడు కాదు, మాట తప్పినవాడు.

మఱి యింటి క్రమశిక్షణకు విలువ లేదా? తల్లి కూర్చుండబెట్టి చదివించుటకు ఫలము లేదా? తప్పక కలదు. కాని అది పద్ధతి, రక్తము కాదు. అమెరికాలో పిల్లలకు జరుగు జాతీయ పదవర్ణక్రమ పోటీని తీసికొనుడు. 2003లో గుంటూరి అను ఇంటిపేరు గల పిల్లవాడు గెలిచెను. 2019లో ఎనమండుగురు సమముగా గెలువగా ఏడుగురు మన దేశపు సంతతి. "చూడుడు, రక్తము!" అని మనవారు కేకలు వేసిరి. ఆ విజయముల వెనుక 1989లో రత్నం చిట్టూరిగారు స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ వంటి సంస్థలు ఊరూర పెట్టిన పోటీలు, తల్లిదండ్రుల తీరిక, పుస్తకములకు డబ్బు ఉన్నవి. 2021లో లూయిజియానా రాష్ట్రపు నల్లపిల్ల జైలా అవాంట్-గార్డ్ ఆ పోటీలో గెలిచెను. ఆమెను గెలిపించిన కడపటి పదము 'ముర్రాయా'. మన పెరటి కరివేపాకును వృక్షశాస్త్రజ్ఞులు చేర్చిన ప్రజాతి పేరది! కరివేపాకు తాలింపు తిని పెరిగినవారికే ఆ పదము రావలయునని దేవుడు వ్రాయలేదు. నేర్పినచో నెవరికైనను వచ్చును. ఈ వ్యాసము చెప్పదలచిన దంతయు ఆ యొక్క మాటలో నున్నది.

దీనికి ఋజువు అమెరికాలో వెదుకనక్కఱలేదు. మన గుంటూరులోనే యున్నది. 1842లో ఫాదర్ హేయర్ అను అమెరికా లూథరన్ మతప్రచారకుడు గుంటూరు వచ్చి బడులు తెఱచెను. ఒంగోలులో క్లౌ అను బాప్టిస్టు మాదిగలను చేర్చుకొన్నందున పై కులములవారు ఆయనకు దూరమైరి. వారు మతము పెంచుకొనుటకే వచ్చిరి, నిజమే. ఆ మాటకు నాకు తగవు లేదు. కాని మాదిగ పిల్లవాని చేత పలక పెట్టినపుడు ఆ పిల్లవాడు చదివెను. గడచిన వేయేండ్లలో మన మాపని చేసి యుండినచో పరదేశి వచ్చి చేయవలసిన పని యుండెడిది కాదు. చూడుడు కాలమహిమ! అమెరికనుడు గుంటూరు వచ్చి, 'వీరికి చదువు రాదు' అని మనము చెప్పినవారికి చదువు చెప్పెను. గుంటూరువాడు అమెరికా పోయి, అచ్చట తరతరముల వంచితులైనవారిని చూపి 'వీరికి చదువు రాదు' అని చెప్పుచున్నాడు.

ఈ సిద్ధాంతమువలన కలుగు హానుల నిక చెప్పెదను. మొదటి హాని మన పిల్లలకే. చదువు రక్తములో నున్నదని నమ్మిన యింట తప్పిన పిల్లవాడు కేవలము పరీక్ష తప్పినవాడు కాడు, వంశమునకు ద్రోహి. వానికి నిలువ నీడ యుండదు. 2019లో తెలంగాణములో ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన కొలది దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. దేశములో 2022లో విద్యార్థుల ఆత్మహత్యలు 13,000కు మించినవని ప్రభుత్వ లెక్కలే చెప్పుచున్నవి. తెల్లవాఱక ముందు లేపి అర్ధరాత్రి వఱకు కూర్చుండబెట్టు హాస్టళ్లకు పిల్లలను తోలి, దానికి సరస్వతీపూజయని పేరు పెట్టుట సరస్వతిని హత్య చేయుటయే. విద్యను ప్రేమించు జాతి పుస్తకము కొనును, గ్రంథాలయము నింపును, పిల్లవాని ప్రశ్నకు సంతోషించును. మనము ప్రేమించునది విద్యనా, వీసానా?

వీసానే యనుటకు సాక్ష్యములు కలవు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యను దొంగ విశ్వవిద్యాలయమును ప్రభుత్వము మూసినపుడు చిక్కుకొన్నవారిలో అత్యధికులు తెలుగు పిల్లలు. కొందఱి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించిరి. అప్పుడు దేశమంతయు నొచ్చుకొన్నది. అయినను 2019లో మిషిగన్ రాష్ట్రమున అమెరికా ప్రభుత్వమే వలగా పన్నిన ఫార్మింగ్టన్ అను బూటకపు విశ్వవిద్యాలయములో 130 మంది పట్టుబడగా అందు 129 మంది భారతీయులు. వారిలోను తెలుగువారే పెక్కురు. వల పన్నిన ప్రభుత్వమును నేను మెచ్చను. కాని పాఠము లేని పాఠశాలకు జీతము కట్టుటకు మన పిల్లలను పురికొల్పిన దేది? పొలము తాకట్టు పెట్టి పంపిన తండ్రి యాశ, ఊరిలో తలయెత్తుకొనవలెనను పంతము, "మనవాడు చదువక పోవునా" యను ఈ వంశగర్వము.

రెండవ హాని ఆడుపిల్లలకు. 1961 నుండి వరకట్నము నేరము. అయినను అమెరికా ఉద్యోగికి ధర వేఱుగా పలుకుచున్నది. ఎంత చదివిన వరునికి అంత యెక్కువ కట్నమైనచో, విద్య మన కిచ్చిన సంస్కార మేమి? ఎద్దునకు పండ్లు చూచి వెల కట్టినట్లు పట్టము చూచి వెల కట్టుచున్నాము. తానును అంతే చదివిన పిల్ల, తన తండ్రి యెకరములు అమ్మి వరుని చదువునకు మూల్య మిచ్చుట చూచి, చదువును గౌరవించుట నేర్చుకొనునా?

మూడవ హాని యూరికి. తెనాలి ప్రక్కనే యున్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనమండుగురు దళితులు హత్య చేయబడిరి. ఆ వైరమునకు మొదలు సినిమాహాలులో చదువుకొన్న ఒక దళిత యువకుని కాలు పై కులమువానికి తగులుట. 2007లో ప్రత్యేక న్యాయస్థానము 21 మందికి యావజ్జీవ శిక్ష విధించెను. 2014లో హైకోర్టు అందఱిని నిర్దోషులని విడిచిపెట్టెను. చంపినదెవ్వరో న్యాయస్థానమున తేలకపోవచ్చును. చచ్చినవా రెనమండుగురను మాట తేలియే యున్నది. విద్యను గౌరవించుట మన వారసత్వమే యైనచో, చదువుకొన్నవాని కాలు తగిలినపుడు ఆ గౌరవ మెక్కడికి పోయెను? విద్యను గాక, విద్య యెవనికి కలదను దానిని మనము గౌరవించుచున్నామని చుండూరు చెప్పుచున్నది. ఈ బుద్ధి సముద్రమును కూడ దాటినది. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వము కులవివక్షను గూర్చి యొక పెద్ద సంస్థపై వ్యాజ్యము వేసెను. 2023లో సియాటిల్ నగరము కులవివక్షను నిషేధించుచు శాసనము చేసెను. పెట్టెలో పచ్చళ్లతో పాటు మన మేమి మోసికొని పోయితిమో పరదేశీయుల శాసనములు చూచి తెలిసికొనవలసి వచ్చుట సిగ్గుచేటు.

అయిన నేమి చేయవలయును? గృహస్థులు చేయదగిన పనులే చెప్పెదను. ఇంటిలో పిల్లల యెదుట "మన రక్తము, వారి రక్తము" అను మాట మానవలయును. దానికి మాఱుగా కాలువ కథ చెప్పుడు, చట్టము కథ చెప్పుడు, డగ్లస్ రొట్టెముక్క కథ చెప్పుడు. తమకు లభించినది తమ గొప్ప కాదని తెలిసిన పిల్లవాడు అణకువతో చదువును, తప్పినను బ్రతుకును. చదివిన కుమారునికి కట్నము పుచ్చుకొనకుడు. ఆ యొక్క పని చేయనివాడు సంస్కారమను మాట పలుకుట కనర్హుడు. అమెరికానుండి వచ్చు డబ్బుతో గాలిగోపురములు, పుట్టినరోజు విందులు సాగుచున్నవి. అందు పదవవంతు ఊరి సర్కారుబడికి, గ్రంథాలయమునకు, మాలపల్లె మాదిగపల్లెల పిల్లల పై చదువునకు ఈయుడు. ఇచ్చునపుడు దానమని యీయకుడు. వారి తాతల చెమటతో పండిన ధాన్యముపై వచ్చిన వడ్డీని తీర్చుచున్నామని యీయుడు. అమెరికాలో నున్న సోదరులారా! మీ పిల్లలు చదువు బడిలోనే చదువు నల్లపిల్లవాని తల్లితో పలుకరించి మాటలాడుడు. మీ తలుపు తెఱచినవారి మనుమరా లామె.

విద్య వంశధనమైనచో అన్నదమ్ములు పంచుకొనగా తరుగవలయును. పంచినకొలది పెరుగుననియే మన పెద్దలు చెప్పిరి. ఆ మాట నిజమని నమ్మువారు దానికి కాపలా కాయుట మాని, పంచుటకు పూనుకొందురుగాక. నమ్మనివారు విద్యను గూర్చి గర్వించుటయైనను మానుదురుగాక.